పిట్‌బుల్ దవడకు తాళం ఉందా?

మీకు తెలుసా? పిట్‌బుల్ కరిస్తే దవడ తాళం పడిపోతుందనీ, ఇక దేవుడు దిగి వచ్చినా అది తెరుచుకోదనీ ఊరూవాడా చెప్పుకుంటారు. ఆ మాటలో రవ్వంత నిజం లేదు! మిగతా కుక్కల దవడ ఎముకలెలా ఉంటాయో దీనివీ అలాగే ఉంటాయి. తాళమూ లేదు, చెవీ లేదు. ఉన్నదల్లా పట్టిన పట్టు వదలని మొండితనం!

సరే, ఆ కాటుకు బలం ఎంత? నేషనల్ జియోగ్రాఫిక్ టీవీ కార్యక్రమం కోసం మూడు కుక్కల కాటును కొలిచారు. రాట్‌వైలర్ చదరపు అంగుళానికి 328 పౌండ్లు. జర్మన్ షెపర్డ్ 238. పిట్‌బుల్? 235! మూడింట్లో ఆఖరు. మూడు కుక్కలను చూసి జాతులకే తీర్పు చెప్పలేం కానీ, పిట్‌బుల్ కాటు రెండు వేల పౌండ్లంటూ తిరిగే కబుర్లు మాత్రం మొసళ్ల కొలతలు!

మీకు తెలుసా? అమెరికాలో 1898లో యునైటెడ్ కెన్నెల్ క్లబ్ పుట్టింది. దాని పుస్తకంలో మొట్టమొదట పేరెక్కిన కుక్క పిట్‌బుల్ టెర్రియరే. పేరు రింగ్. యజమాని ఎవరనుకున్నారు? క్లబ్ పెట్టిన చౌన్సీ బెన్నెట్! ఒకటో నంబరు ఇంట్లోవాళ్లకే!

ఇంకో పెద్ద సంస్థ అమెరికన్ కెన్నెల్ క్లబ్ మాత్రం 'పిట్‌బుల్' అన్న పేరు తన గడప తొక్కనివ్వలేదు. 1936లో ఇదే కుక్కను స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ పేరుతో చేర్చుకుంది. 1972లో దాని ముందు 'అమెరికన్' తగిలించింది. అక్కడో పేరు, ఇక్కడో పేరు. ఒకే కుక్కకు రెండు ఆధార్ కార్డులన్నమాట!

మీకు తెలుసా? వీటి పూర్వీకులను ఇంగ్లండులో ఎద్దుల మీదికి ఉసిగొల్పేవారు. 1835లో చట్టం ఆ ఆటను ఆపించింది. ఎలుకల ఆట మాత్రం సాగింది. అంతకుముందే, 1823లో, లండన్‌లో బిల్లీ అనే బుల్ టెర్రియర్ 5 నిమిషాల 30 సెకన్లలో 100 ఎలుకలను మట్టుపెట్టింది. ఎలుకకు 3.3 సెకన్లు! మన ఇళ్లలో బోనులు ఏళ్ల తరబడి చేయలేని పని!

ఆ నెత్తురే ఇప్పటికీ ఒంట్లో పరుగెడుతోంది. అందుకే పగలంతా గొలుసుకు కట్టేసి, సాయంత్రం సందు చివరిదాకా తిప్పి తెస్తే చాలదు. కర్ర చివర తాడు, తాడు చివర గుడ్డపీలిక కట్టి పదిహేను నిమిషాలు తరిమించండి. ఇంట్లో సోఫా ప్రాణాలతో బయటపడుతుంది!

మీకు తెలుసా? అసలు పిట్‌బుల్ అంత పెద్ద కుక్కేం కాదు. యునైటెడ్ కెన్నెల్ క్లబ్ లెక్కలో మగది 16 నుంచి 27 కిలోలు, ఆడది 14 నుంచి 23 కిలోలు. మరి ఫోన్లో కనిపించే 60 కిలోల 'పిట్‌బుల్' ఏమిటి? వేరే బుల్లీ జాతి కావచ్చు, సంకరం కావచ్చు. లేదంటే పాపం, ఒట్టి కొవ్వు కావచ్చు!

కొవ్వు మాటకొస్తే ఒక అద్భుతమైన లెక్క ఉంది. 48 లాబ్రడార్ పిల్లలను తీసుకుని, జతకట్టి, జతలో ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. తక్కువ తిన్నవి దాదాపు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి! ఒక్క మందు బిళ్ల లేదు, ఒక్క టానిక్ లేదు. పిట్‌బుల్‌కూ అదే సూత్రం. పక్కటెముకలు చేతికి సులువుగా తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. 'పాపం, చూస్తోంది' అని పెట్టే ఆ ఆఖరి ముద్దే దాని ఆయుష్షు తినేస్తుంది!

మీకు తెలుసా? పిట్‌బుల్‌ను చూడగానే గుర్తుపట్టేస్తామనుకుంటాం. ఫ్లోరిడాలో నాలుగు కుక్కల ఆశ్రమాల్లో 120 కుక్కలను అక్కడి సిబ్బందికే చూపించారు. వాళ్లలో పశువైద్యులూ ఉన్నారు. 62 కుక్కలకు పిట్‌బుల్ ముద్ర పడింది. డీఎన్ఏ పరీక్ష చేస్తే ఆ నెత్తురు ఉన్నవి 25! 2015లో అచ్చైన ఫలితం ఇది. మూతి వెడల్పు చూసి కులగోత్రాలు చెప్పడం ఇక మానుకోవాలి!

దీన్ని మించిన లెక్క 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. 18 వేలకు పైగా కుక్కల సంగతులు యజమానుల నుంచి సేకరించి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివారు. ఒక కుక్క ప్రవర్తనకూ మరో కుక్క ప్రవర్తనకూ ఉన్న తేడాలో జాతి చెప్పగలిగింది ఎంత? సుమారు 9 శాతం! మిగతా 91 కోసం ఆ కుక్కను విడిగా తెలుసుకోవాల్సిందే!

ఇక ఆరోగ్యం. ఇక్కడ ఆశ్చర్యాలు చిన్నచిన్న ఒళ్లతో వస్తాయి. ఈ కండల వీరుణ్ని పడగొట్టేవి దాదాపు అన్నీ కంటికి ఆననివే!

మీకు తెలుసా? పార్వో వైరస్ 1978కి ముందు కుక్కల డాక్టర్లకు పరిచయమే లేదు. రెండేళ్లలో భూగోళాన్ని చుట్టేసింది. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు! రాట్‌వైలర్, డాబర్‌మన్, పిట్‌బుల్ పిల్లలకు దీని దెబ్బ మరీ ఎక్కువని తేలింది. వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలైతే రేపు చూద్దాం అనుకోవడానికి రేపు ఉండకపోవచ్చు. ఆ రాత్రే డాక్టరు తలుపు తట్టండి.

దీనికి టీకా ఉంది కానీ ఒక చిత్రమైన చిక్కూ ఉంది. తల్లి తొలిపాలతో వచ్చిన రక్షణే టీకాను పనిచేయనివ్వదు! ఆ రక్షణ ఏ రోజు కరిగిపోతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయిస్తారు. 'ఒకటి వేయించాంగా' అని ఆపేస్తే ఏమీ వేయించనట్టే అయ్యే ప్రమాదం ఉంది! ఆ తర్వాత రేబిస్ టీకా. మూడు నెలలు నిండాక మొదటిది, ఆపైన డాక్టరు చెప్పిన గడువుకు తప్పకుండా. ఇందులో బేరాలు లేవు!

పార్వో ఇంకో ఘనకార్యం కూడా చేస్తుంది. నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. ఫినాయిల్ ఘాటుకు బెదరదు. ఒక వంతు బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్లు కలిపి కడిగితే చస్తుంది. ఇంట్లో ఒక పిల్ల పార్వోతో పోయిందా? కొన్నాళ్లు ఆగకుండా టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను తేకండి. ఆ ఇల్లే ఉచ్చు!

మీకు తెలుసా? అమెరికాలో పిట్‌బుల్‌లకు ప్రత్యేకంగా తగులుకున్న ఒక నెత్తురు జబ్బు మన పక్కనే, మద్రాసులో, తొలిసారి దొరికింది! 1910లో ప్యాటన్ అనే శాస్త్రవేత్త మద్రాసు హంట్ వేటకుక్కల నెత్తురులో ఒక సూక్ష్మజీవిని చూశాడు. తర్వాత అదే నక్కల్లోనూ దొరికింది. పేరు బబీసియా గిబ్సొనై. మద్రాసు నుంచి అమెరికా దాకా ఎంత ప్రయాణం!

మామూలుగా ఇది పిడుదు కాటుతో వస్తుంది. కానీ పిట్‌బుల్‌లకు పిడుదు లేకుండానే అంటుతోంది! ఎలా? కుక్కల కొట్లాటలో కాటు నుంచి కాటుకు, తల్లి కడుపు నుంచి పిల్లలకు. మనిషి పందెం కట్టి కొట్లాడించిన పాపం ఇంకా కళ్లు తెరవని పిల్లల నెత్తురులో తేలుతోంది. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మందు మరీ విచిత్రం. ఆకారంలో పెద్దవైన బబీసియా రకాలకు పనిచేసే మామూలు ఇంజెక్షన్ దీన్ని పూర్తిగా వదిలించలేదు. మనుషులకు మలేరియాలో ఇచ్చే అటోవాక్వోన్‌కు అజిత్రోమైసిన్ జోడించి పది రోజులు ఇస్తారు. చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులోకి మారడం, ఒంట్లో ఓపిక లేకపోవడం, జ్వరం. ఈ నాలుగింటిలో ఏది కనిపించినా నెత్తురు పరీక్ష చేయించండి. రోజూ పై పెదవి ఎత్తి చిగురు రంగు చూడటానికి ఎంత పడుతుంది? మూడు సెకన్లు. బిల్లీ ఎలుక పట్టేంత సేపు!

ఇంతకీ ఆ పిడుదు తక్కువదేం కాదు. కుక్కల మీద ఉండే గోధుమ రంగు ఆడ పిడుదు కడుపునిండా నెత్తురు తాగి, గోడ పగుల్లోకి దూరి నాలుగు వేల దాకా గుడ్లు పెట్టగలదు! కాబట్టి కుక్కకు మాత్రమే మందు వేస్తే సగం పనే అయినట్టు. పడుకునే గోనెపట్టా, గడప సందులు, తలుపు వెనక మూల కూడా చూడాలి. పిడుదుల వేటలో ఇల్లే అడవి!

మీకు తెలుసా? దాదాపు ప్రతి కుక్క ఒంటి మీదా డెమోడెక్స్ అనే పురుగు కాపురం ఉంటుంది. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. పుట్టిన రెండు మూడు రోజుల్లో, పాలు తాగుతున్నప్పుడు, తల్లి ఒంటి నుంచి పిల్ల ఒంటికి మారుతుంది. అమ్మ ఇచ్చిన తొలి ఆస్తి!

ఒంట్లో రోగనిరోధక శక్తి బాగుంటే ఆ పురుగు తన రంధ్రంలో తాను పడి ఉంటుంది. సన్నగిల్లితే గజ్జి. కురచ బొచ్చు పిట్‌బుల్ బంధువర్గంలో ఇది ఎక్కువ. మన దగ్గర గజ్జి కనిపించగానే వాడేసిన ఇంజినాయిల్ పూసే అలవాటు ఇంకా పోలేదు. దయచేసి పూయకండి! కుక్క దాన్ని నాకుతుంది, అది కడుపులోకి పోయి విషమవుతుంది. పదేళ్లకు పైగా ఐసోక్సాజొలిన్ జాతి మాత్రలు దొరుకుతున్నాయి. ఒకప్పుడు నెలల తరబడి మందు నీళ్లలో ముంచి తీసినా లొంగని గజ్జి వాటికి లొంగుతోంది. మూర్ఛలు వచ్చే కుక్కయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. నమిలే బిళ్లతో గజ్జి పోతుందంటే మన తాతలు నమ్మేవారా!

మీకు తెలుసా? 'రెడ్ నోస్', 'బ్లూ నోస్' అని ధర పెంచి అమ్ముతారు కదా, అవి వేరే జాతులు కానే కావు. ముక్కు రంగు, అంతే! పైగా నీలి బూడిద రంగు కుక్కల్లో కొన్నింటికి ఆ రంగు జన్యువు వల్లే బొచ్చు ఊడి బట్టతల వస్తుంది. ఎక్కువ డబ్బిచ్చి బట్టతల కొనుక్కోవడం ఎక్కడైనా ఉందా!

తెల్ల పొట్ట, పలచని బొచ్చు ఉన్న పిట్‌బుల్‌కు ఎండ వల్ల చర్మ క్యాన్సర్ వస్తుందంటే నమ్ముతారా? వస్తుంది! వెల్లకిలా పడుకుని ఎండ కాచుకోవడం వీటికి భలే ఇష్టం. పొట్ట మీద ఎర్ర మచ్చలో, నల్లటి నెత్తురు బొబ్బలో కనిపిస్తే వేసవి పొక్కులని వదిలేయకండి.

వేసవంటే గుర్తొచ్చింది. రోహిణీకార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మరి పాదాలు? గాలి 25 డిగ్రీలున్నప్పుడే ఎండలో తారురోడ్డు 50 దాటగలదు! మన రామగుండంలోనో, రెంటచింతలలోనో గాలే 45 ఉన్న మధ్యాహ్నం ఆ రోడ్డు పెనమే. అరచేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు లెక్కపెట్టండి. మీరు ఏడు దాకా రాలేకపోతే కుక్క గడప దాటకూడదు!

మీకు తెలుసా? కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా అరికాళ్లకే. ఎండల్లో వేడి చాలావరకు నాలుక మీదుగానే పోవాలి. అందుకే నిమిషానికి మూడు వందల సార్లకు పైగా రొప్పగలదు! ఒళ్లు 41 డిగ్రీలు దాటిందంటే వడదెబ్బ ప్రాణం మీదికి వచ్చినట్టే. ముందు నీళ్లు పోసి, ఫ్యాను గాలి తగిలించి చల్లబరచండి. తర్వాత ఆసుపత్రికి పరుగెత్తండి. వరుస తారుమారు కాకూడదు!

బయట 22 డిగ్రీలే ఉంది, అయిదు నిమిషాల్లో వచ్చేస్తాం అని కారులో వదిలేస్తారు. బయట 22 ఉన్న రోజున మూసిన కారు లోపల గంటలో 47 అయిందని 2005లో అమెరికాలో కొలిచి చూపించారు. అది చలికాలపు హైదరాబాదు గాలి! మే నెల మాట వేరే చెప్పాలా!

ఇప్పుడు తెలుగు వంటింట్లో బాంబు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను పాడుచేస్తాయని చాలాకాలంగా తెలుసు. ఎందుకో తెలియదు. 2021లో పశువుల విషవైద్య నిపుణులు టార్టారిక్ ఆమ్లం వైపు వేలు చూపించారు. అది దండిగా ఉండే ఇంకో పదార్థం ఏమిటో చెప్పుకోండి చూద్దాం? చింతపండు! అంటే పులిహోర బంద్, చారన్నం బంద్, పులుసు బంద్! ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ ఎర్ర కణాలను చితక్కొడతాయి. మన భోజనంలో కుక్కకు నిశ్చింతగా మిగిలేది ఉత్త అన్నం, ఉప్పుకారం లేని ఉడికించిన మాంసం, పెరుగు. గుడికెళ్లొచ్చి ప్రేమగా నోట్లో పెట్టే ప్రసాదం పులిహోర కూడా వద్దు, దేవుడు ఏమీ అనుకోడు!

వెనక కాలు ఉన్నట్టుండి ఎత్తి కుంటుతోందా? మోకాలి లోపలి తాడు తెగి ఉండొచ్చు. ఆ ప్రమాదం ఎక్కువున్న జాతుల్లో పిట్‌బుల్ కూడా ఒకటి. నూనె మర్దనలతో తెగిన తాడు అతుక్కోదు!

మీకు తెలుసా? అమెరికన్ స్టాఫర్డ్‌షైర్‌లలో ఒక జబ్బు మూడు నుంచి అయిదేళ్ల వయసు దాకా చప్పుడు చేయకుండా దాక్కుంటుంది. తర్వాత కుక్క తూలుతుంది, మెట్లు దిగలేదు. చిన్నమెదడు కణాలు ఒక్కొక్కటే రాలిపోతాయి. అమెరికాలో ఈ జాతిలో 400కు ఒకటి దీని బారిన పడుతోందని 2010లో ప్రకటించారు. కానీ బుగ్గ లోపల దూదిపుల్ల రుద్ది డీఎన్ఏ పరీక్ష చేయిస్తే, ఏ కుక్క దాన్ని మోస్తోందో పిల్లలు పుట్టకముందే తెలిసిపోతుంది! పిల్లను కొనేటప్పుడు తల్లిదండ్రుల ఫొటోలు కాదు, ఆ కాగితం అడగండి.

ఇంకో కాగితం. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం నేరం. ముప్పై రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చేవాడి దగ్గర కొంటే ఆ నేరానికి మనమే పెట్టుబడి!

పిట్‌బుల్ 'పిల్లలను చూసుకునే ఆయా కుక్క' అని కొందరు మురిసిపోతారు. ఆ బిరుదుకు చరిత్రలో ఆధారమే లేదు! ఏ జాతి కుక్కనైనా పసిపిల్లల దగ్గర ఒంటరిగా వదలకూడదు. ఇందులో సరదా ఏమీ లేదు. 2022 జులైలో లక్నోలో ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్ దాడిలో 82 ఏళ్ల పెద్దావిడ ప్రాణం పోయింది. దీన్ని ప్రేమించేవాళ్లు ఈ సంగతిని దాచకూడదు, మరిచిపోనూ కూడదు.

2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్ సహా 23 జాతుల పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. నెల తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది! ఊరి నిబంధనలు మాత్రం వేరు. లైసెన్సు, టీకా కాగితం, వీధిలో గొలుసు, మూతికి చిక్కం గురించి మీ మున్సిపాలిటీలో కనుక్కోండి. చిక్కం కొనేటప్పుడు బుట్టలా ఉండేది ఎంచుకోండి. దాంట్లో కుక్క నోరు తెరిచి రొప్పగలదు, నీళ్లు తాగగలదు. మూతిని బిగించి కట్టే గుడ్డపట్టీ ఎండలో ఉరితాడే!

చాలు భయాలు, ఇప్పుడు వీరగాథలు!

మీకు తెలుసా? కారులో అమెరికాను ఈ కొస నుంచి ఆ కొసకు దాటిన మొదటి కుక్క పిట్‌బుల్ అంటారు! 1903లో హొరేషియో జాక్సన్ అనే డాక్టరు యాభై డాలర్ల పందెం కాసి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరాడు. దారిలో ఐడహోలో బడ్ అనే కుక్కను ఎక్కించుకున్నాడు. దుమ్ముకు బడ్ కళ్లు ఎర్రబారితే దానికీ డ్రైవర్ కళ్లద్దాలు పెట్టారు. ప్రయాణం మొత్తం 63 రోజులు, సరిగ్గా కుక్క కడుపుతో ఉండేన్ని రోజులు! ఆ కళ్లద్దాలు ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి.

అదే స్మిత్సోనియన్ దగ్గర ఇంకో బుల్ టెర్రియర్ పోలికల కుక్క కూడా ఉంది, సార్జెంట్ స్టబ్బీ! మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ కందకాల్లో 17 పోరాటాలు చూసింది. విషవాయువును మనుషులకంటే ముందే పసిగట్టి సైనికులను లేపేది. 1926లో అది చనిపోతే న్యూయార్క్ టైమ్స్ సంతాప వ్యాసం వేసింది. ఎంతమంది జనరళ్లకు దక్కింది ఆ గౌరవం!

మీకు తెలుసా? 2007లో అమెరికన్ ఫుట్‌బాల్ తార మైకేల్ విక్ పందెం కుక్కల స్థావరం మీద దాడి చేసి సుమారు యాభై పిట్‌బుల్‌లను పట్టుకున్నారు. అన్నిటినీ చంపేయడమే మార్గమని చాలామంది అన్నారు. నిపుణులు 49 కుక్కలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. కోపం వల్ల ప్రాణం తీయాల్సి వచ్చింది ఎన్నింటికి? ఒక్కదానికి! వాటి పోషణకు విక్ సుమారు 9.28 లక్షల డాలర్లు కట్టాడు. ఆ కుక్కల్లో లియో అనేది తర్వాత క్యాన్సర్ రోగుల పక్కన కూర్చుని ఊరటనిచ్చే కుక్కగా పనిచేసింది!

మరి పాప్సికిల్ పేరు విన్నారా? న్యూయార్క్ రాష్ట్రం బఫలోలో పోలీసులు మాదకద్రవ్యాల ఇంటి మీద దాడి చేస్తే, పాత ఫ్రీజరులో చావుబతుకుల మధ్య ఒక పిట్‌బుల్ పిల్ల దొరికింది. అందుకే పుల్ల ఐసు పేరు పెట్టారు! బతికి బట్టకట్టింది, శిక్షణ పొందింది, అమెరికా కస్టమ్స్ ఉద్యోగంలో చేరింది. టెక్సస్ సరిహద్దులో ఒకరోజు అనాసపళ్ల లోడు దగ్గర ఆగి, వాసన పట్టి, కదలనని మొండికేసింది. పళ్లు దించి చూస్తే లోపల దాదాపు 1,400 కిలోల కొకైన్!